ఎడం చెవిలో చెప్పిన మాట

పెళ్లికూతురి పేరు దగ్గరకొచ్చి గవర్రాజు ఆగిపోయాడు.

చేతిలో మైకు ఉంది, ఎదురుగా పందిరినిండా జనం ఉన్నారు. పెళ్లికొడుకు పేరు, వాళ్ల తాత పేరు, ఆ తాత నడిపిన బెల్లం కొట్టు పేరు కూడా గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు. "చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి..." అన్నాడు, అంతే. ఆ పైన తలలో ఏమీ లేదు. మామూలుగా పేరు మర్చిపోతే నాలుక చివర కాస్త దురదైనా పెడుతుంది. ఇది అలా లేదు. కూర ఉందనుకుని మూత తీస్తే లోపల కడిగి తుడిచిన గిన్నె కనబడ్డట్టుంది.

అనకాపల్లిలో మైకుసెట్టు గవర్రాజు నోరు మూతపడ్డం ఎవరూ ఎరగరు. ఆ పేరు ఇప్పుడు కూడా పోనివ్వదలచుకోలేదు. "పెళ్లికూతురి పేరు నాను సెప్పను. ఎవరు గట్టిగా సెప్తే ఆళ్లకి మొదటి పంక్తిలో విస్తరి," అన్నాడు. పందిరంతా కలిసి హారిక అని అరిచింది. పెళ్లికూతురు తల దించుకుంది, తండ్రి పొంగిపోయాడు, వంటవాళ్లు మాత్రం గుండె పట్టుకున్నారు. గవర్రాజు మొహం తుడుచుకుని కుర్చీలో కూలబడ్డాడు.

ఆంప్లిఫయరు దగ్గర కూర్చున్న కూతురు సత్యవేణి లేచి వచ్చింది. తండ్రి చుట్టూ తిరిగి కుడిపక్కకి చేరి, బుర్రపెట్టె పనిచెయ్యట్లేదా అని చెవిలో అడిగింది.

గవర్రాజుతో మాటాడాలంటే ఎవరైనా కుడిపక్కకే రావాలి. బాక్సుల పక్కన నిలబడి నిలబడి ఆయన ఎడం చెవి ఏనాడో గోడైపోయింది. ఇంట్లో అదొక వినోదం. భార్య నూకరత్నం ఉన్న రోజుల్లో తిట్లన్నీ ఎడం చెవికి, పొగడ్తలన్నీ కుడి చెవికి పంచి పెట్టేది. తిట్టు వినకపోయినా ఆవిడ పెదాలు చూసి దాని బరువు కట్టేవాడు. ఆవిడ తమ్ముడు తాతారావు మరీ పోకిరి. బావ కనబడగానే వాటేసుకుని ఎడం చెవిలో నోటికొచ్చింది అనేవాడు. ఆ అన్నదేమిటో తెలియకపోయినా గవర్రాజు దర్జాగా, "అలాగేరా, నీక్కూడా," అని జవాబిచ్చేవాడు. చుట్టూ ఉన్నవాళ్లు పొట్టలు పట్టుకునేవారు. బావా బావమరుదుల పరాచికానికి కోపం తెచ్చుకునే ఆచారం ఆ ఇళ్లలో లేదు.

ఇక బుర్రపెట్టె సంగతి. కిందటి మాఘమాసంలో పెళ్లి పని ముగించుకుని వస్తుంటే రత్నం సౌండ్స్ వ్యాను తెల్లారుగట్ల మంచులో బోల్తా కొట్టింది. నూకరత్నం అక్కడే పోయింది. తాతారావు చెయ్యి విరిగింది. గవర్రాజు తలకి దెబ్బ తగిలింది. గతమంతా తలలోనే ఉంది కానీ తీసుకుందామంటే దారి తెగిపోయింది. విశాఖపట్నంలో కొండమీద ఒక ప్రయోగశాలవాళ్లు అలాంటి తలలకి దారి వేస్తున్నారు. కుడి చెవి వెనక బొత్తాం అంత బిళ్ల పెట్టి, తలలో దాగున్నదంతా తోడి ఒక సర్వరులో పోశారు. గవర్రాజు ఏదైనా గుర్తు చేసుకోబోతే బిళ్ల సర్వరుని అడుగుతుంది, సర్వరు తీసి ఇస్తుంది. మనం ఫోనులో దేన్నైనా వెతికితే ఎక్కడో ఉన్న కంప్యూటరు తెచ్చి చూపిస్తుందే, అచ్చం అలాగే. తోడినా దొరకని ముక్కలుంటే చుట్టాలు వచ్చి ప్రయోగశాలవాళ్ల వైర్ల టోపీ పెట్టుకుని తమ జ్ఞాపకాలు అప్పిచ్చేవారు. అప్పు తెచ్చుకున్నది తలకి ఎక్కినప్పుడల్లా ఇచ్చినవాళ్ల పేరు సన్నగా మోగేది. అక్క ఈశ్వరమ్మ ఇచ్చిన జ్ఞాపకమైతే వెనకే "ఈశ్వరమ్మ" అని వినబడేది.

ఆ సర్వర్లని చూసుకునే ఉద్యోగం తాతారావుది. బావ పేరు మొదటి వరసలో రాయించింది అతనే. అక్కని పోగొట్టుకుని కూడా బావని బతికించుకున్నాడని చుట్టాలందరూ అతనికి చేతులెత్తి మొక్కారు.

పెళ్లి మర్నాడు తండ్రీ కూతుళ్లు కొండెక్కారు. జరిగిందేమిటో తాతారావు చెప్పాడు. డిస్కు నిండిపోయింది. సర్వరు తలుపు ఎవరు తట్టినా ఒక లైను రాసి పెట్టుకుంటుంది. ఎవరొచ్చారు, ఏ జ్ఞాపకం పట్టుకెళ్లారు, ఏది తెచ్చి పెట్టారు, అంతా. ఉప్పు డబ్బా ఏ అరలో ఉందో గుర్తు చేసుకున్నా ఒక లైనే. ఆ లైన్లు పేరుకుని పేరుకుని జ్ఞాపకాలకి చోటు లేకుండా చేశాయి. దాన్ని తమ భాషలో లాగు అంటారనీ, అది ఆపేస్తే బోలెడు చోటు మిగులుతుందనీ తేల్చాడు.

"అయితే లాగు విప్పేస్తే సుఖమంటావు," అన్నాడు గవర్రాజు.

ఆయనకి బిళ్ల పెట్టిన, ఎప్పుడూ గంభీరంగా ఉండే డాక్టర్ ఇందుమతి కూడా మొహం తిప్పుకుని నవ్వింది. నవ్వు ఆపుకుని ఒక సంగతి వివరంగా చెప్పింది. అప్పిచ్చినవాళ్ల పేరు మోగేది ఆ లైన్ల వల్లే. అవి ఆపేస్తే ఏది సొంత జ్ఞాపకమో ఏది తెచ్చుకున్నదో ఇక తెలియదు. అందుకని ఆయన సరేనంటేనే ఆపుతామంది.

ఉండనివ్వమని సత్యవేణి తండ్రి చొక్కా లాగింది. గవర్రాజు బావమరిది వైపు చూశాడు. తాతారావు కంప్యూటరు తెరలోంచి తల ఎత్తలేదు.

"గిన్నెలకంటే పేర్లు కొట్టించుకుంటాం, పక్కింటికెళ్లి ఆళ్లయిపోతాయని. మా ఇంటోళ్లిచ్చిన గుర్తులకి పేర్లెందుకమ్మా," అన్నాడు గవర్రాజు. "తీసేయమనండి."

తాతారావు అక్కడే, వాళ్ల కళ్ల ముందే తీసేశాడు.

మొదట్లో అంతా వేడుకగానే సాగింది. కూతురి ఓణీల ఫంక్షను కబుర్లు వచ్చినప్పుడు, తనే పట్టుచీర కట్టుకుని హారతి ఇచ్చినట్టు గవర్రాజుకి స్పష్టంగా గుర్తొచ్చింది. ఆ కుచ్చిళ్లు నిలవక పడ్డ తిప్పలన్నీ టీకొట్టు దగ్గర ఏకరువు పెట్టేశాడు. అది ఈశ్వరమ్మ ఇచ్చిన జ్ఞాపకమని తేలేసరికి ఊరంతా పాకిపోయింది. నెల్లాళ్లపాటు మగాళ్లు ఆయనకి పసుపు కుంకం ఇవ్వబోయారు. గవర్రాజు కూడా తక్కువ తినలేదు, చెంగు చాపి పుచ్చుకున్నాడు.

ఒక్క తెల్లారుగట్ల మాత్రం ఖాళీగా ఉండిపోయింది. వ్యాను ఎవరు తోలారో ఆయనకి తెలియదు. బావే తోలాడని తాతారావు పోలీసులకి చెప్పాడు. గేదె అడ్డొచ్చిందని రాసుకుని వాళ్లు మూసేశారు. సత్యవేణి మనసు మాత్రం మూతపడలేదు. రాత్రంతా మైకు పట్టుకున్న రోజున నాన్న స్టీరింగు ముట్టుకోడనీ, అమ్మ ముట్టుకోనివ్వదనీ ఆ పిల్లకి తెలుసు. నీకు గుర్తొచ్చిన రోజున నువ్వే చెప్పు నాన్నా, అప్పటిదాకా ఎవరు చెప్పినా నమ్మనంది. ఆ మాట తాతారావు ముందే అంది. ఎప్పటికైనా గుర్తు రావచ్చని డాక్టరమ్మ అన్నప్పుడూ అతను అక్కడే ఉన్నాడు.

లాగు తీసేసిన కొన్నాళ్లకే అది వచ్చింది.

మధ్యాహ్నం పూట షెడ్డులో వైర్లు చుట్టుకుంటున్నాడు గవర్రాజు. చుట్ట మధ్యలో చెయ్యి ఆగిపోయింది. ఎదర అద్దం మీద మంచు. స్టీరింగు మీద రెండు చేతులు. ఆ చేతులకి నీలం చొక్కా, రత్నం సౌండ్స్ యూనిఫారం, పనికొచ్చిన ప్రతివాడూ వేసుకునేదే. పక్క సీట్లో నూకరత్నం. "పప్పుసారు కాదది, సముద్రం," అంటోంది, పెళ్లివారి వంటని తలుచుకుని. ఒకటే నవ్వు. ఆ నవ్వు వ్యాను నిండిపోయింది, ఆయన తల నిండిపోయింది. తర్వాత చిన్న కుదుపు. తర్వాత ఎదురుగా వెలుతురు, చక్రం తిప్పుతున్న చేతులు, ఆ చప్పుడు.

వైరు చుట్ట కిందపడి దొర్లుకుంటూ వీధిలోకి పోయింది. ఆయన దాని వెనక వెళ్లలేదు.

దాచేస్తే ఎవరికీ తెలిసేది కాదు. ఊరందరినీ ఆటపట్టించిన మనిషికి ఒక్క అబద్ధం ఆడటం ఎంత పని? కానీ ఆ పిల్ల ఆయన మాట కోసమే ఆగి ఉంది. అన్నాల దగ్గర, కంచం ముట్టుకోకుండానే చెప్పేశాడు.

"నానే తోలినాను గుంటా. గుర్తొచ్చింది."

సత్యవేణి ఆయన్ని చాలాసేపు చూసింది. అబద్ధమేమో, పరాచికమేమో అని వెతుకుతున్నట్టు చూసింది. తర్వాత లేచి, తన కంచం తీసుకుని, ఆయన వెనకనుంచి నడిచి ఎడంపక్కకి వెళ్లి కూర్చుంది.

ఆ రోజునుంచి ఆ పిల్ల చోటు అదే. అన్నం దగ్గర ఎడంపక్క, వ్యానులో ఎడంపక్క, పందిట్లో ఎడంపక్క. పని మానలేదు, ఇల్లు విడిచిపోలేదు, గట్టిగా ఒక్క మాట అనలేదు. ఒక్కోసారి కంటి చివర ఆ పెదాలు కదలడం గవర్రాజుకి తెలిసేది. తల తిప్పి చూసేసరికి ఆగిపోయేవి. నూకరత్నం ఎడం చెవికి తిట్లు పంచేది కదా, వాటి బరువు ఆయన కట్టగలిగేవాడు. ఈ పిల్ల పెదాల బరువు మాత్రం ఆయన తూకానికి అందలేదు.

ఆ ఆదివారం తాతారావు వచ్చాడు. గుర్తొచ్చిందట కదా బావా అని గుమ్మంలోనే వాటేసుకుని ఏడ్చాడు. ఏడుస్తూ ఏడుస్తూ ఎడం చెవిలో ఏదో అన్నాడు. ఇంత బాధలోనూ నన్ను నవ్వించాలని చూస్తున్నాడు పాపం అనుకున్నాడు గవర్రాజు. వీపు నిమురుతూ, "అలాగేరా, నీక్కూడా," అన్నాడు.

ఆ తర్వాత కూడా తాతారావు వచ్చినప్పుడల్లా వాటేసుకునేవాడు, ఎడం చెవిలో గొణిగేవాడు. పళ్లు తెచ్చేవాడు, మందులు తెచ్చేవాడు. బంగారం లాంటి బావమరిది అని వీధివీధంతా అనేది. గవర్రాజు కూడా అదే అనేవాడు.

చెరుకు గానుగలు మొదలయ్యే రోజుల్లో కొత్త బాక్సులు కొన్నారు. వాటిని పరీక్ష చెయ్యడానికి మైదానంలో చెరోవైపూ నిలబెట్టారు. పాట పెట్టి, గవర్రాజు మధ్యలో నిలబడి, ముందు ఇటు తిరిగి విన్నాడు, తర్వాత అటు తిరిగి విన్నాడు. చెవి పోయినప్పటినుంచి ఆయన పద్ధతి అదే. ఒక్క చెవినే రెండు బాక్సులకీ తిప్పి చూపించుకోవాలి. ఆ బాక్సులు అమ్మినాయన ఇది చూసి నవ్వి, అయ్యో, రెండూ కలిసి ఎలా వినబడతాయో నీకెలా తెలుస్తుందయ్యా అన్నాడు.

"తెలుసులే," అన్నాడు గవర్రాజు.

అన్నాక ఆలోచనలో పడ్డాడు. ఎలా తెలుసు?

తెలుసు, నిజంగానే. రెండు పక్కలా నిండుగా వినబడితే ఎలా ఉంటుందో ఆయన ఈ మధ్యనే విన్నాడు. చాలాసార్లు విన్నాడు. వద్దనుకుంటూనే, నిద్ర పట్టని ప్రతిసారీ విన్నాడు. పప్పుసారు కాదది, సముద్రం. నవ్వు. ఆ నవ్వు ఎక్కడనుంచి వచ్చింది? పక్క సీట్లోంచి. తోలేవాడికి పక్క సీటు ఎడమవైపు.

గవర్రాజు మైదానం మధ్యలో అలాగే నిలబడిపోయాడు. పాట అయిపోయింది.

తను తోలుతుంటే పక్క సీట్లో కూర్చున్న నూకరత్నం మాట ఒక్కటీ ఆయన చెవిన పడేది కాదు. ఏదైనా చెప్పాలంటే ఆవిడ భుజం మీద చరిచేది. అప్పుడు బండి ఆపి తల తిప్పితే చెప్పేది. ఇన్నేళ్లలో వ్యానులో ఆవిడ నవ్వు ఆయన కళ్లతో చూశాడు కానీ చెవితో వినలేదు. మరి ఆ ఒక్క తెల్లారుగట్ల ఎడం చెవి ఎలా వచ్చింది?

ఆత్రంగా జ్ఞాపకాలన్నీ తిరగేశాడు. తన సొంతమని గట్టిగా తెలిసినవి తీసి చూస్తే, చెవి పోయిన తర్వాతవాటిలో ఎడంపక్క అంతా గోడే. కూతురి ఓణీల ఫంక్షను తీశాడు. తను పట్టుచీర కట్టుకున్నదే. అందులో ముత్తయిదువల పాట రెండు పక్కలా మోగుతోంది. అది ఈశ్వరమ్మ చెవులతో విన్న పాట. అంటే అప్పు తెచ్చుకున్న జ్ఞాపకం, ఇచ్చినవాళ్ల చెవులతో సహా వస్తుంది.

ఆ వ్యానులో ఉన్నది ముగ్గురు. మాటాడుతున్నది నూకరత్నం. వింటున్నది తను కాదు.

ఇంకొకటి కూడా తట్టింది. నవ్వుకీ వెలుతురుకీ మధ్య ఒక చిన్న కుదుపు ఉంది. అది బండి కుదుపనుకున్నాడు ఇన్నాళ్లూ. పాత టేపు తెగితే కోసి అతికించేవాడు ఆయన. అతుకు మీదనుంచి పాట దాటినప్పుడు ఎలా గెంతుతుందో ఆయనకి తెలుసు.

కొండెక్కి డాక్టరమ్మని అడిగాడు. ఎందుకో చెప్పలేదు. తన తలలోకి ఆ వారంలో ఎవరొచ్చారో చూడమన్నాడు. ఆవిడ చూసి, చూడ్డానికి ఏమీ లేదంది. ఆ రోజునుంచి ఒక్క లైను కూడా రాయలేదు, మీరే కదా వద్దన్నారు అంది. వెనక్కి వెళ్లి చూస్తూ మొహం చిట్లించింది. ఆ రోజు చెరిపేసిన లైన్లన్నీ కలిపినా పిడికెడు చోటు కూడా తినలేదట. డిస్కు నింపింది వేరే. పాత కెమెరా వీడియోలు ఎవరో మూటగట్టి అక్కడ పడేశారు. ఎవరు పడేశారో అది కూడా ఆ చెరిపేసిన లైన్లలోనే రాసుండేది.

"తాతారావుని అడిగి చెప్తాను," అందావిడ.

"అడక్కండమ్మా," అన్నాడు గవర్రాజు. "మా బావమరిదిని నానడుగుతాను."

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. తన పెళ్లినాటికి తాతారావుకి నిజంగా లాగూ వయసే. పెళ్లిపీటల కింద చెప్పులు దాచేసి అక్కకి మొట్టికాయ తిన్నాడు. సైకిలు తొక్కడం గవర్రాజే నేర్పాడు. మైకు పట్టుకోవడం నేర్పాడు. చదువు అబ్బితే సంతోషించి, సొంత కొడుకైతే ఎంత గొప్ప చెప్పుకునేవాడో అంతా చెప్పుకున్నాడు. వాడు అబద్ధం ఆడినందుకు కాదు ఆయన బాధ. భయమేస్తే ఎవడైనా ఆడతాడు. తన తల తలుపు తీసుకుని లోపలికొచ్చి, పెళ్లాన్ని చంపిన పాపం అక్కడ పెట్టి, తలుపు వేసి పోయాడు. పైగా ఎవరొచ్చారో రాసే పెన్ను తన చేతే విరగ్గొట్టించాడు. ఆ మాటకి తను పరాచికం కూడా ఆడాడు.

ఇంటికొచ్చి కూతురికి చెప్పబోయాడు. కానీ ఏం చెప్తాడు? మీ మావయ్య చేశాడంటే సాక్ష్యమేది? చేతిలో ఉన్నదల్లా ఒక చచ్చిపోయిన చెవి. తప్పు ఇంకొకరి మీదకి తోస్తున్నాడనుకుంటే ఆ పిల్ల ఎడంపక్కనుంచి కూడా లేచిపోతుంది.

అప్పుడు తాతారావు గొణుగుడు గుర్తొచ్చింది. వచ్చినప్పుడల్లా ఎడం చెవిలో. నవ్వించడానికైతే ఒక్కసారైనా వాడి మొహంలో నవ్వు ఉండాలి కదా. ఏడుస్తూ ఎవడు పరాచికమాడతాడు?

నూకరత్నం సంవత్సరీకం నాడు చుట్టాలందరూ వచ్చారు. కార్యం అయ్యాక వీధిలో వేసిన పందిరి కింద మధ్యాహ్నం భోజనాలు పెట్టారు. పందిరి గుంజకి గవర్రాజు ఒక లౌడుస్పీకరు హారను కట్టాడు. సంవత్సరీకానికి మైకేమిటని ఈశ్వరమ్మ సణిగింది. మైకుసెట్టువాడి పెళ్లానికి ఆమాత్రం ఉండద్దా అన్నాడాయన. అందరూ నవ్వి వదిలేశారు. ఆయన ఏం చేసినా నవ్వి వదిలెయ్యడం వాళ్లకి అలవాటు. సత్యవేణి కూడా ఆంప్లిఫయరు దగ్గర కూర్చుంది, ఎందుకని అడక్కుండానే.

గవర్రాజు లోపల, భార్య ఫొటో ముందు, గోడకి ఆనుకుని కూర్చున్నాడు. భుజం మీద కండువా ఎడంవైపుకి సర్దుకున్నాడు. దాని కింద కాలరుకి గుండీ అంత మైకు ఉంది.

తాతారావు దండతో వచ్చాడు. ఫొటోకి వేశాడు. గవర్రాజు ఆ ఫొటోకేసే చూస్తూ, "నా చేతుల్తోనే సంపుకున్నాను తాతారావూ," అన్నాడు. ఇది నాటకమే. కానీ గొంతు పగలడానికి పెద్దగా కష్టపడక్కర్లేకపోయింది. ఇన్ని నెలలుగా నమ్మిన మాటే కదా.

తాతారావు పక్కన కూలబడి వాటేసుకున్నాడు. మొహం ఎడం చెవికి ఆనించాడు. పెదాలు కదిలాయి. గవర్రాజు ఎడంపక్క గోడ మామూలుగానే నిశ్శబ్దంగా ఉంది.

కుడిపక్క కిటికీలోంచి, వీధిలో హారను మాటాడింది.

"నువ్వు కాదు బావా. నానే తోలినాను. ఆఫీసోళ్ల మెసేజొస్తే ఫోను సూసినాను. నా గుర్తు తీసుకెళ్లి నీ బుర్రలో ఎట్టినాను. ఎవురికీ తెలీకూడదని లాగు ఆపించినాను. నన్ను సెమించు బావా. నీకినబడదు గాని, సెమించు."

తాతారావుకి ముందు అర్థం కాలేదు. తన గొంతు వీధిలోంచి, తన కంటే పెద్దగా, తన వెనకే వస్తోంది. పెదాలు ఆగాయి, హారనూ ఆగింది. పందిట్లో ఎవరో పెరుగు వడ్డించబోయి గరిటె గాలిలోనే పట్టుకున్నారు.

గవర్రాజు కండువా తీసి, కాలరు మీది మైకు విప్పి, బొత్తాం నొక్కి ఆపేశాడు. ఇన్నేళ్లలో ఇంత బాగా పేలిన పరాచికం ఇంకొకటి లేదు. ఆయనకి నవ్వు రాలేదు.

"ఇనబడింది," అన్నాడు.

తాతారావు నేలకేసి చూశాడు. ఉద్యోగం పోతుందని భయపడ్డాననలేదు, జైలని భయపడ్డాననలేదు. అక్కని చంపానని అమ్మకి ఎలా చెప్పేది బావా అన్నాడు, అంతే. నా కూతురికి నేను చెప్పాను కదరా అని గవర్రాజుకి నోటిదాకా వచ్చింది, మింగేశాడు.

గుమ్మంలో సత్యవేణి నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో. మావయ్యని చూడట్లేదు, తండ్రిని చూడట్లేదు, అమ్మ ఫొటోని చూస్తోంది. మెల్లగా వచ్చి, అలవాటైన చోటనే, తండ్రికి ఎడంపక్కన కూర్చుంది.

"మద్దిలో ముక్క కోసీసినావు," అన్నాడు గవర్రాజు. "మీ అక్క నవ్వినాక. అందులో ఏటుంది?"

తాతారావు తల అడ్డంగా ఊపాడు. రేపే కొండెక్కి ఆ ముక్క అతికించేస్తానన్నాడు. ఇది తీసి పారేస్తాను, అసలుది తెచ్చి పెడతాను, లైన్లు కూడా మొదలెట్టేస్తాను బావా, ఎవరొచ్చిందీ పేరుతో సహా పడుతుంది అన్నాడు.

"నా బుర్రలోకి ఇంక నువ్వు రాకు. పేరు సెప్పి వస్తానన్నా రాకు. నోటితో సెప్పు."

తాతారావు నోరు తెరిచాడు. బావ మొహం చూసి చెప్పలేకపోయాడు. అలవాటు ప్రకారం ముందుకి వంగి, సత్యవేణి పక్కగా, ఎడం చెవి దగ్గర ఏదో అన్నాడు. చిన్న మాటే. అని లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా, పందిట్లో అందరి మధ్యనుంచీ నడుచుకుంటూ పోయాడు. ఎవరూ ఆపలేదు, ఎవరూ పలకరించలేదు.

హారను ఆపేసి ఉంది. గవర్రాజుకి ఏమీ వినబడలేదు. వెనక్కి పిలిచి మళ్లీ చెప్పరా అని అడగబుద్ధి కాలేదు. నూకరత్నం ఆఖరి మాట ఇప్పుడు కూడా అతని దగ్గరే ఉండిపోయిందనుకున్నాడు. గోడకి తల ఆనించి కళ్లు మూసుకున్నాడు.

ఎడంపక్క నేల మీద చిన్న అలికిడి తెలిసింది, చెవికి కాదు, గోడకి ఆనిన వీపుకి. సత్యవేణి లేచింది. ఆయన ముందునుంచి నడిచి, ఇన్ని నెలలుగా ఖాళీగా ఉన్న కుడిపక్కకి వచ్చి కూర్చుంది. చేత్తో ఆయన తల దగ్గరికి తీసుకుని, కుడి చెవికి నోరు ఆనించింది. మాట కంటే ముందు ఊపిరి తగిలింది.

"మెల్లిగా తోల్రా తమ్ముడూ," అంది, అచ్చం వాళ్లమ్మలాగే. "మీ బావకి ఇప్పుడే కునుకు పట్టింది."